సంతకం కాకముందే చెప్పిన సాక్ష్యం

"నువ్వు ఆ ఊళ్ళో కాలు పెట్టావా? అక్కడి నీళ్ళు నోట్లో పోసుకున్నావా? అడిగినదానికి చెప్పు."

"వీడియోలో ఇల్లంతా చూపించారమ్మా. గది గదీ చూశాను. బాల్కనీలో నిలబడితే ఎదురుగా సముద్రమే."

"నాకు చూపిస్తావురా సముద్రం? సముద్రం పక్కన పుట్టినదాన్ని."

"అది మన సముద్రం కాదు, కరీబియన్. నీళ్ళు గాజులా ఉంటాయి."

"గాజులా ఉంటే మాత్రం, ఉప్పు కాదూ?"

నా కొడుకు చేతిలో ఫోను పట్టుకుని వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. నేను బెండకాయలు తరుగుతున్నాను. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళో వాళ్ళ ఇంట్లో, ఒక శనివారం మధ్యాహ్నం జరిగిన గొడవ ఇది. నా మనవరాలు ఆ ఊళ్ళోనే నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న రోజులవి. కొడుకూ కోడలూ ఇద్దరూ ఆసుపత్రిలో నర్సులు, ఒకరు వస్తుంటే ఒకరు వెళ్తారు. పిల్లకు వేళకు ఇంత వండిపెట్టేవాళ్ళు ఉండాలని నన్ను పిలిపించుకున్నారు.

కొడుక్కి పుట్టిన బుద్ధి ఏమిటంటే, ఉన్న ఇల్లు అమ్మేసి కరీబియన్ దీవుల్లో ఎక్కడో సముద్రపొడ్డున చిన్న ఊళ్ళో ఇల్లు కొనాలి, భార్యాభర్తలిద్దరూ అక్కడే స్థిరపడాలి. ఇంటర్నెట్లో ఒక ఏజెంటు దొరికాడు. వాడు రోజూ ఫోటోలు పంపేవాడు. వీడు కూర వడ్డిస్తున్నా చూడకుండా ఆ ఫోటోలే చూసేవాడు. ఇరవై రెండేళ్ళు రోగుల్ని ఎత్తీ దించీ వాడి నడుం అరిగిపోయింది, నేను కాదనను. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే సోఫాలో పడి నిద్రపోవడం నా కళ్ళతో చూశాను. అలిసినవాడు సెలవు పెట్టుకుని పడుకోవాలి గాని, ఎవరైనా దీవికి పోయి ఇల్లు కొంటారా?

ఇల్లు అమ్మితే పిల్ల ఎక్కడుండాలి? ఇంట్లో ఈ మాట అడిగినవాళ్ళే లేరు. అదేమో "ఇట్స్ ఫైన్ నాయనమ్మా, యూనివర్సిటీ దగ్గర రూమ్ తీసుకుంటాను. డాడ్ ఈజ్ సో హ్యాపీ" అంటుంది. హ్యాపీ అట! ఒకరోజు దాని ఫోనులో ఆ గదులు చూపించమన్నాను. ముక్కూ మొహం తెలియని నలుగురితో ఒకే వంటిల్లు, ఒక్కో గది తలుపుకూ ఒక్కో తాళం. కారు కూడా అమ్మేస్తారట. పొద్దున్నే ఆసుపత్రి ట్రైనింగుకు ఎలా వెళ్తావే అంటే, "ఐ'ల్ మేనేజ్" అంది. సాయంత్రాలు దుకాణంలో పనికి కూడా అడిగి పెట్టుకుంది. ఇక చదివేదెప్పుడు?

నేను చదివింది మూడో తరగతి. ఆ యేడు ఉప్పెన వచ్చి మా బడి కప్పు లేచిపోయింది. దానికంటే పెద్ద నష్టం, మా బావిలో నీళ్ళు ఉప్పగా మారిపోయాయి. మంచినీళ్ళ కోసం చాలా దూరం నడవాల్సి వచ్చింది. తెల్లారితే బిందెలు మోసే పిల్లను మళ్ళీ బడికి ఎవరు పంపుతారు? బడి కప్పు మళ్ళీ వేశారు. నేను మాత్రం వెళ్ళలేదు. అందుకే ముందు నీళ్ళ సంగతే అడిగాను.

"అడిగానమ్మా. వాన నీళ్ళు తొట్లో పట్టుకుంటారట. తక్కువైతే ట్యాంకర్ వస్తుందట" అన్నాడు.

"అయ్యో నా తండ్రీ! ట్యాంకరు కోసం ఎదురుచూడ్డానికి సముద్రాలు దాటి పోవాలా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. "ఇప్పుడు వెనక్కి ఎలా తగ్గనమ్మా? సాక్ష్యం చెప్పేశాను గదా" అన్నాడు.

మా తెలుగు క్రైస్తవ సంఘం అద్దె హాల్లో ఆదివారం కూడుకుంటుంది. పాటలయ్యాక పాస్టరుగారు "సాక్ష్యాలు ఉన్నవాళ్ళు చెప్పండి" అంటారు. జబ్బు నయమైనవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేచి చెబుతారు. చేతికి వచ్చినదాని గురించి చెప్పడం మా పద్ధతి. ముందటి ఆదివారం వీడు లేచి, "దేవుడు మాకు సముద్రతీరాన ఇల్లు ఇచ్చాడు" అన్నాడు. ఇస్తాడని కాదు, ఇచ్చాడని! సంతకం కాలేదు, ఒక్క కాగితం రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు ఫోనులో బొమ్మ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఒకావిడ గోడ గడియారం కూడా ఇచ్చింది. ఏ గోడకు కొట్టాలో ఆవిణ్ణే అడగాలనిపించింది.

"సోమవారం సంతకం. ఈ ఇల్లు అమ్మకానికి పెట్టాలని ఫోటోలు తియ్యడానికి ఇక్కడి ఏజెంటు కూడా సోమవారమే వస్తాడు. ఇప్పుడు కాదంటే జనం ఏమనుకుంటారు?"

"జనం చప్పట్లు కొట్టారని ఇల్లు కొంటావా?"

కోడలు ఫ్రిజ్ దగ్గర నుంచి, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానత్తయ్యా, ఆయన వింటేగా" అంది.

"నువ్వు చెప్పింది నీకైనా వినబడిందా తల్లీ? పక్కన కూర్చుని నువ్వూ చప్పట్లు కొట్టావు గదా" అన్నాను.

"రేపు నువ్వు లేచి నిజం చెప్పు. చెప్పకపోతే నేనే లేచి చెబుతాను."

"అమ్మా, నలుగుర్లో నా పరువు తియ్యకు!"

"ఎవరింట్లోనో ఆ పిల్ల ఒంటరిగా తలుపేసుకుని నూడిల్స్ తింటుంటే, నీ పరువు వెళ్ళి వండిపెడుతుందా?"

వాడు గట్టిగా అరిచాడు. "మరి నేను ఎప్పుడు బతకాలమ్మా? చెప్పు, ఎప్పుడు?"

నా చెయ్యి ఆగిపోయింది. అయినా నేను తగ్గలేదు. "నీ కూతురు చదువు పూర్తయ్యాక బతుకు. ముందు వెళ్ళి ఆ ఊళ్ళో నెల్రోజులుండు, వాళ్ళ నీళ్ళు తాగు, వాళ్ళ ఆసుపత్రి చూడు. అప్పుడు కొనుక్కుంటే నేను అడ్డం రాను."

వాడు విసురుగా గదిలోకి పోయాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. మంచి లేత బెండకాయలు. వేపుడు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో సర్దాను. ఆకలితో మాడితే వాడే తింటాడనుకున్నాను.

మరునాడు ఉదయం అందరం ఒకే కారులో వెళ్ళాం. పాటలయ్యాయి. పాస్టరుగారు సాక్ష్యాలు అడిగారు. నేను ముందు కుర్చీ పట్టుకుని లేవబోతుంటే వాడే లేచాడు. "పోయిన వారం ఇల్లు ఇచ్చాడని చెప్పాను. ఇంకా కొనలేదు. ఇప్పుడు కొనడం లేదు. పాప చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాం. తొందరపడి చెప్పాను, క్షమించండి" అని కూర్చున్నాడు. వెనక ఎవరో అలవాటుగా "ఆమెన్" అన్నారు. పాస్టరుగారు తర్వాతి పాట నంబరు చెప్పారు. కూటం అయ్యాక వాడు కారు పక్కన నిలబడి, కొనడం లేదని దీవి ఏజెంటుకు మెసేజ్ పెట్టాడు. ఫోటోలు తీసే అతనికి ఫోన్ చేసి రావద్దన్నాడు. మనవరాలు వెనక సీట్లో కూర్చుని సోమవారం క్లాసుకు కావలసినవి చదువుకుంటోంది.