చెమట పట్టని చేతులు

సుభాషిణి చేతులకు చెమట పట్టదని ప్రొద్దుటూరులో ఆమె పనిచేసే బట్టల కొట్టులో పెద్ద పేరు. యజమాని జయరామయ్య గిరాకీల ముందే పొగిడేవాడు: "పట్టుచీరలు సుభాషిణికే ఇయ్యండప్పా. ఎంత ఎండల్లోనైనా మరక పడనీదు."

ఆమె నవ్వి ఊరుకునేది. అసలు సంగతి కొట్టులోని ఆడవాళ్ళందరికీ తెలుసు. పొద్దున చాపాడులో బస్సెక్కే ముందు తాగిన నీళ్ళే. మళ్ళీ ఇల్లు చేరేదాకా చుక్క గొంతు దిగదు. మరుగుదొడ్డి తాళంచెవి యజమాని సొరుగులో ఉంటుంది. కావాలంటే మగవాళ్ళందరి ముందూ నోరు తెరిచి అడగాలి. కూర్చోవడానికి పీట లేదు. కింది అంతస్తులో గిరాకీలకు ఏసీ, పై అంతస్తులో సరుకు దించే ఆడవాళ్ళకు కాలే రేకులు.

మొన్నటి వేసవిలో పెళ్ళిళ్ళ గిరాకీ ముమ్మరంగా ఉన్న మధ్యాహ్నం, పైనుంచి మూట దించుతూ తోటి పనిచేసే తిరుపాలమ్మ ఏదో గొణిగింది.

"ఓమే, ఆ చీర నా కూతురిది. యాడికి తీసకపోతాండావు?"

ఆమెకు కూతురే లేదు. అందరూ నవ్వారు. సుభాషిణి ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. పెనంలా కాలుతోంది, తడి మాత్రం లేదు. అంతలోనే తిరుపాలమ్మ మెట్ల మీద కూలబడింది.

"ఒక్కపొద్దు ఉందేమో. రోంత గాలి విసరండి" అన్నాడు జయరామయ్య.

సుభాషిణి వినలేదు. ఆమెను ఏసీ కిందికి ఈడ్పించి, బీరువాలోని కొత్త నూలుచీర లాగి, గిరాకీల నీళ్ళ క్యానులో ముంచి, ఒళ్ళంతా కప్పింది.

"ఏంది మే ఇది! కొత్త చీర!"

"చీర మళ్ళా నేస్తారు సార్. తిరుపాలక్కను ఎవరు నేస్తారు?"

ఆస్పత్రిలో డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఒళ్ళు వేడెక్కితే రక్తం చర్మం దగ్గరికొచ్చి వేడిని బయటికి తోస్తుంది. చెమట ఆరుతూ ఇంకొంత వేడిని పట్టుకుపోతుంది. నీళ్ళే తాగకపోతే చెమట ఎక్కడినుంచి వస్తుంది? వేడి లోపలే పేరుకుని మెదడుకెక్కుతుంది. "చెమట పట్టకపోవడం గొప్ప కాదమ్మా, ప్రమాదం."

తిరుపాలమ్మ బతికింది. మర్నాడు సుభాషిణి గిరాకీల ఎదుటే వాళ్ళకు వేసిన పీటొకటి లాక్కుని కూర్చుంది. పొద్దుటి నుంచి రెండో సీసాడు నీళ్ళు గటగటా తాగి, అరచేతులు చాపింది. చెమటతో మెరుస్తున్నాయి.

"తాళంచెవి ఇయ్యండి సార్. ఇంగ రోజూ గోడకే తగిలిస్తాం."

"పని మానుకుంటావా?"

"మానిపించండి. ఎందుకు మానిపించినారో ఈడ నిలబడి వచ్చినోళ్ళందరికీ చెప్తా."

మిగిలిన ఆడవాళ్ళూ మడతలు వదిలేసి ఆమె వెనక నిలబడ్డారు. చీరలు చూస్తున్న ఒకావిడ తలెత్తింది. "ఇయ్యకుంటే మేమూ కొనకుండా లేస్తాం" అంది. జయరామయ్య సొరుగు తెరిచాడు.

ఆ ఒక్క కొట్టులో తాళంచెవి ఇప్పుడు మేకుకు వేలాడుతోంది. జమ్మలమడుగులో, పులివెందులలో, మీ ఊళ్ళో ఎన్ని సొరుగుల్లో ఉందో ఎవరికి తెలుసు? ఈసారి చీర కొనబోయినప్పుడు అంచూ రంగూ తర్వాత చూడండి. "నువ్వు నీళ్ళు తాగినావామ్మా? పీట యాడుంది?" అని ముందు అడగండి. యజమానికి వినపడేట్టు అడగండి. జవాబు రాకపోతే, కొనకుండా లేచి రండి.