పార్వతమ్మను అడగండి

మూసాపేట మెట్రో స్టేషన్ వెనక వీధిలో, మూడో అంతస్తులోని రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక దుకాణం ఉండేది. దానికి బోర్డు లేదు, గల్లాపెట్టె లేదు, అమ్మడానికి ఒక్క వస్తువు కూడా లేదు. ఉన్నదంతా ఇంటర్నెట్‌లోనే. పేరు 'పార్వతమ్మను అడగండి'. మిక్సీయో గ్రైండరో కొనాలనుకున్నవాళ్లు సెర్చ్ ఇంజన్‌లో వెతుక్కుంటూ అక్కడికి వచ్చేవారు. దాని గురించి పార్వతమ్మ ఏమందో చదివి, కింద ఉన్న లింకు నొక్కి, ఏదో పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో కొనుక్కునేవారు. కొన్నప్పుడల్లా ఆ పెద్ద దుకాణం వీళ్లకు కాస్త కమిషన్ విదిల్చేది.

దుకాణం పెట్టినవాడు పార్వతమ్మ కొడుకు శివశంకర్. సొంతూరు ప్రొద్దుటూరు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. పనేమిటంటే, ఇతరుల వెబ్‌సైట్లు సెర్చ్ ఇంజన్ జాబితాలోంచి జారిపోకుండా కాపలా కాయడం. ఊరికి వెళ్లినప్పుడు ఈ ఉద్యోగం గురించి చెప్పాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. ఇంటర్నెట్‌లో కోట్ల పేజీలు ఉంటాయి, సెర్చ్ ఇంజన్ వాటిని చూసి నచ్చినవాటిని తన జాబితాలో చేర్చుకుంటుంది, ఎవరేం వెతికినా ఆ జాబితాలోంచే తీసి చూపిస్తుంది, అందులో లేని పేజీ ఉన్నా లేనట్టే అని చెవిలో ఇల్లు కట్టుకుని చెబితే, "అంటే ఓటర్ల లిస్టు మాదిరా?" అనేవారు. "ఆ, అట్లాంటిదే" అని ఊరుకునేవాడు. కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు తగ్గినవాళ్లలో తనూ ఉన్నాడు. భార్య దివ్యకు హైటెక్ సిటీలో ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు నడిచింది. ఇన్నేళ్లూ పరాయివాళ్ల దుకాణాలకు చేసిన ఊడిగం సొంత దుకాణానికి చేసుకుందామని మొదలుపెట్టాడు.

పార్వతమ్మ ఇందులోకి అనుకోకుండా వచ్చింది. ఒకరోజు కొత్త గ్రైండర్‌ను చూసి, "ఇది పిండిని రుబ్బడంల్యా, తరుముతాండాది" అంది. శివశంకర్ ఆ మాటను ఉన్నదున్నట్టు పేజీలో పెట్టాడు. జనం ఎగబడి చదివారు. అప్పటినుంచి ఆవిడ చెప్పడం, అతను టైపు చేయడం. అయితే ఆవిడకో పట్టింపు ఉండేది. ఏ వస్తువైనా పది దినాలు వాడందే నోరు విప్పదు. కుక్కరైతే పప్పు ఉడకాలి, ఉలవలు ఉడకాలి, మాంసం ఉడకాలి. పెనమైతే కారం దోసె అంటుకోకుండా లేవాలి. "పెండ్లిచూపుల్లో మాదిరి ఒక్కపూట చూసి చెప్పేస్తే ఆనక ఏడ్చేది వాళ్లు గదరా" అనేది. ఆ లెక్కన మూడేళ్లలో అరవై ఒక్క పేజీలు తయారయ్యాయి. ఈ వ్యాపారంలో అదొక అంకె కాదు. కానీ ఆ అరవై ఒక్కటీ సెర్చ్ ఇంజన్ జాబితాలో నిక్షేపంగా ఉండేవి.

ప్రతి పేజీ కిందా ప్రశ్నలు వచ్చేవి. పార్వతమ్మ ఐదో తరగతి చదివింది. ఫోను తెర మీది అక్షరాలు ఆవిడకు ఆనవు. అందుకని పొద్దున కాఫీ కాగానే కొడుకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. అతను చదివితే ఆవిడ జవాబు చెప్పేది. కాకినాడ నుంచి రాజరాజేశ్వరి అనే ఆవిడ "పిన్నిగారూ, ఈ మిక్సీలో పచ్చి పసుపు కొమ్ములు నలుగుతాయంటారా?" అని అడిగితే, పసుపు ఎండబెట్టడం దగ్గర్నుంచి పూస గుచ్చినట్టు చెప్పేది. ఒక్కో జవాబుకు అరగంట పట్టేది.

అరవై నాలుగేళ్ల జీవితంలో ఆవిడనెవరూ ఏమీ అడగలేదు. పెళ్లి ఇష్టమేనా అని తండ్రి అడగలేదు. ఇల్లు అమ్ముదామా అని మొగుడు అడగలేదు. ఆయన పోయాక హైదరాబాదు వస్తావా అని కొడుకూ అడగలేదు, టికెట్టు తీసి తీసుకొచ్చాడు. అలాంటి మనిషిని ఎక్కడెక్కడి ఆడవాళ్లో అమ్మా, పిన్నీ అని సలహా అడుగుతున్నారు. ఆ కుర్చీలో కూర్చునే ముందు ఆవిడ తల దువ్వుకునేది. చూసేవాళ్లెవరూ లేరని తెలిసినా దువ్వుకునేది.

ఉన్నదాంతో తృప్తిపడితే మనిషెందుకవుతాడు? పాత కంపెనీలో తోటి ఉద్యోగి అవినాష్ ఒకరోజు ఇంటికొచ్చి, "బ్రో, సిక్స్టీ వన్ పేజెస్‌తో ఏం చేస్తవ్? ఫోర్ థౌజండ్ ఎక్కించు. ఆంటీ ఫొటో ఉంది, ఆంటీ స్టైల్ ఉంది. కంప్యూటరే రాసిస్తది, ఫికర్ ఎందుకు?" అన్నాడు. శివశంకర్ రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆవిడ కంటితో కూడా చూడని వాషింగ్ మెషిన్లు, గడ్డం గీసుకునే మిషన్లు, కుక్కలకు కట్టే బెల్టులు, అన్నిటి పక్కనా పార్వతమ్మ బొట్టు పెట్టుకుని నవ్వుతున్న ఫొటో, "పది దినాలు వాడి చూసినానమ్మా" అన్న మాట. తొమ్మిదేళ్లు ఇదే రంగంలో పనిచేసినవాడికి ఇది తప్పని తెలియదనుకోవాలా? తెలుసు. ఇతరుల సైట్లకు ఈ పని చేయొద్దని తనే ఎంతోమందికి చెప్పాడు. తనదాకా వచ్చేసరికి ఏమీ కాదులే అనుకున్నాడు.

నాలుగు నెలలు కమిషన్ బాగానే వచ్చింది. జూలైలో ఒకరోజు జాబితాలోంచి వెయ్యి పేజీలు పోయాయి. వారానికి మరో రెండు వేలు. నెల తిరిగేసరికి సున్నా. సెర్చ్ ఇంజన్‌కు పార్వతమ్మ నిజం మాటేదో, కంప్యూటర్ కల్పించిన మాటేదో విడదీసి చూసే ఓపిక ఎక్కడిది? ఒకే మనిషి నాలుగు వేల వస్తువులు పదేసి దినాలు వాడిందంటే ఆ మనిషే లేదని తేల్చేసింది. అరవై ఒక్క పేజీలూ వాటితోపాటే కొట్టుకుపోయాయి.

శివశంకర్ దొంగ పేజీలన్నీ తీసేశాడు. మిగిలిన అరవై ఒక్కటినీ మళ్లీ చేర్చుకోమని సెర్చ్ ఇంజన్‌కు విన్నపాలు పెట్టాడు. రోజుకు పది పేజీలకు మించి విన్నవించుకోనివ్వదు. వారం రోజులకు ఒక చుట్టు పూర్తయ్యేది, మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలు. అన్నిటికీ ఒకటే సమాధానం: చూశాం, ప్రస్తుతానికి చేర్చలేదు. నెలల తరబడి అదే సమాధానం.

ఇదంతా తల్లికి చెప్పలేదు. పేజీ కనిపించకపోతే ప్రశ్నలెక్కడి నుంచి వస్తాయి? పార్వతమ్మ మాత్రం రోజూ తల దువ్వుకుని కుర్చీలో కూర్చునేది. "ఈ పొద్దు ఎవురూ అడగల్యా?" అనేది. నెట్ సరిగ్గా లేదన్నాడు. ఆషాఢం కదా, ఎవరూ ఏమీ కొనరన్నాడు. శ్రావణం వచ్చాక చెప్పడానికేం మిగల్లేదు. "నేనేమన్నా తప్పు చెప్పినానేమో నాయనా. ఎవురికన్నా కష్టమైందేమో చూడు" అంది ఒకరోజు. ఆ మాట విని అతను తట్టుకోలేకపోయాడు. ఖాళీ తెర వంక చూస్తూ, "ఒకటి వచ్చిందిమా. నెల్లూరు నుంచి రసజ్ఞ అంట. కుక్కర్ మూత రబ్బరు ఎన్నాళ్లకు మార్చాలి అని అడుగుతాంది" అన్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. ఆ రోజు జవాబు ముప్పావుగంట సాగింది. అతను టైపు చేస్తున్నట్టు వేళ్లాడించాడు.

పెనం కడిగి ఎరగని మగవాడు ఎన్ని ప్రశ్నలని పుట్టిస్తాడు? నెలకే ఊట ఆగిపోయింది. అందుకని రోజుకొక మనిషిని కల్పించడం మాని, రోజూ వచ్చే మనిషినొకదాన్ని కల్పించాడు. పేరు సంయుక్త. ఊరు బాపట్ల. మొగుడితో నార్సింగిలో కాపురం. ఐదో నెల కడుపుతో ఉంది. తల్లి లేదు. ఆ చివరి మాట ఎందుకు చేర్చాడో అతనికే తెలియదు. అది విన్నాక పార్వతమ్మ మిగతావాళ్ల గురించి అడగడమే తగ్గించింది. "నా బిడ్డ ఏమనింది ఈ పొద్దు?" అనేది.

సంగతి తెలిసిన దివ్య ఒకరోజు మొగుణ్ని వంటింట్లో నిలదీసింది. "అత్త ఆ పిల్లకు దిష్టి తీస్తాంది ఇంట్లో కూర్చోని. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"పేజీలు మళ్లీ ఎక్కినాయంటే నిజం మనుషులే వస్తారు. అప్పుడు ఈమెను మెల్లగా తప్పిస్తా. కొంచెం ఆగు" అని నీళ్లు నమిలాడు. ఆమె ఆగింది. సెర్చ్ ఇంజన్ చేర్చుకోలేదు.

కడుపు మాత్రం ఆగదు కదా. పార్వతమ్మ నెలలు వేళ్ల మీద లెక్కపెట్టేది. మాఘమాసం వచ్చేసరికి, "పదో నెల పడింది, ఇంకా కబురు ల్యాకపోతే ఎట్లరా?" అని కలవరపడింది. వేరే దారి లేక శివశంకర్ సంయుక్తకు కాన్పు చేయించాడు. ఆడపిల్ల, మూడు కిలోలు, తల్లీబిడ్డా క్షేమం అన్నాడు.

నాలుగో రోజు పొద్దున అతను లేచేసరికి ఇల్లంతా శొంఠి వాసన. స్టవ్ దగ్గర పార్వతమ్మ మిరియాలు, పిప్పళ్లు, వాము వేయించి దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి కలిపి, బాలింతకు పెట్టే కాయం ఉండలు చుడుతోంది. "తల్లి ల్యాని పిల్ల. ఎవురు పెడతారు దానికి? పా, నార్సింగికి పోయొద్దాం. ఎంతసేపు!" అంది. తీరా చూస్తే అప్పటికే తలస్నానం చేసి పట్టుచీర తీసి మంచం మీద పెట్టుకుంది.

మెట్రో ఎక్కేలోపు చెప్పాలనుకున్నాడు. మూసాపేటలో చెప్పలేకపోయాడు. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఆవిడ స్టీలు డబ్బాను రెండు చేతులా పొదువుకుని జనంలో నడుస్తుంటే ముందు నడిచి దారి చేశాడు. రాయదుర్గంలో దిగి ఆటో ఎక్కారు. "పిల్లకు పేరు పెట్టినారేమో అడగల. నా పేరు పెడతానని అనిందంటివి గదా" అంది ఆటోలో. అలా అన్నది తనే. ఏదో ఒక పొద్దున మాటల్లో అనేశాడు. నార్సింగిలో ఆటోవాడు ఎక్కడాపాలని అడిగితే, కనిపించిన పెద్ద అపార్టుమెంటు గేటు చూపించాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ లింగయ్య కుర్చీలోంచి లేచాడు. "ఎవరు గావాలమ్మా?"

"సంయుక్త అని, మా బిడ్డనే అనుకో నాయనా. మొన్ననే కాన్పయింది" అంది పార్వతమ్మ.

లింగయ్య రిజిస్టరు తీసి పేజీ పేజీ వేలు పెట్టి వెతికాడు. ఫోన్లోనూ చూశాడు. "గా పేరుతోని ఎవ్వరు లేరమ్మా. కిరాయికున్నోళ్ల పేర్లు సుత గీ రిజిస్టర్లనే ఉంటయ్. జర ఫ్లాట్ నంబర్ చెప్పుండ్రి."

పార్వతమ్మ నంబరు కోసం కొడుకు వంక చూసింది. అతను తలొంచుకున్నాడు. తల్లి చేయి పట్టుకుని ప్రహరీ పక్కనున్న సిమెంటు బెంచీ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. నిలబడే చెప్పాడు. నాలుగు వేల పేజీలు, ఆవిడ ఫొటో, ఆవిడ అనని మాటలు, జూలై నెల, అన్నీ చెప్పాడు. చివరికి సంయుక్త లేదని చెప్పాడు.

ఆవిడకు వెంటనే ఎక్కలేదు. "మరి పసిబిడ్డ?" అంది.

"బిడ్డ కూడా ల్యామ్మా."

పార్వతమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయినవాళ్ల కోసం ఏడ్చినట్టే ఏడ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. లింగయ్య దూరం నుంచి చూసి, నీళ్ల సీసా తెచ్చి బెంచీ మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"కాకినాడ రాజరాజేశ్వరి?"

"ఆమె నిజంమా."

"దోసె పెనం అడిగిన కర్నూలు భార్గవి?"

"నిజమే."

"కుక్కర్ రబ్బరు అడిగిన రసజ్ఞ?"

"నేనే."

"ఆ పొద్దు నుంచి అందరూ నువ్వేనా?"

"నేనేమా."

"అయితే ఇన్ని నెల్లూ నేను చెప్పిందంతా ఇనిండేది నువ్వొక్కడివేనా?"

అవునన్నట్టు తలూపాడు. ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఊర్లో వాళ్ల పేర్లన్నీ పెట్టుకోని అడిగినావు. కుక్కర్లు అడిగినావు, కాన్పులు అడిగినావు. నీ పేరుతో ఒక్క దినమన్నా నన్ను ఏమన్నా అడిగినావా శంకరా?"

శివశంకర్ గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. మాత్ర వేసుకున్నావా, తలుపు గడియ పెట్టినావా లాంటివి గుర్తొచ్చాయి. అవి కాక ఇంకేదైనా ఉందేమోనని చిన్నప్పటిదాకా వెనక్కి వెళ్లి వెతికాడు.

"ల్యామ్మా" అన్నాడు.

పార్వతమ్మ డబ్బాను ఒళ్లోకి తీసుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.