గోడ అవతల వయొలిన్

పాప మీద ఒట్టేయమన్నా వేస్తాను... ఇది నాకు జరిగింది. ఎవరో చెప్తే విన్నది కాదు. నవ్వాలనిపిస్తే మొత్తం విన్నాక నవ్వండి.

అమెరికాలో, అరోరాలో అప్పుడు మేం ఒక డూప్లెక్స్‌లో సగం అద్దెకుండేవాళ్ళం. రెండో సగంలో డీటర్ గారు, ఆయన భార్య ఉర్సులా గారు. జర్మనీ వాళ్ళు. ఆయన ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు. రిటైరయ్యాక కూడా సాయంత్రమైతే సాధన ఉండాల్సిందే. మధ్యలో గోడ ఒక్కటే కదా... తీగలు శ్రుతి చేసుకోవడం దగ్గర్నుంచీ అన్నీ మాకు వినిపించేవి. మా పాపకి కమాను పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ఆకులు రాలే రోజుల్లో ఆయన హార్ట్ ఎటాక్‌తో పోయారు. ఎలా జరిగిందని ఉర్సులా గారిని నేను అడగలేదు. ఎలా అడుగుతాం?

తర్వాత జనవరిలో ఒక రోజు. ఆఫీస్ అయ్యేసరికే చీకటి పడిపోయింది. బయట మంచు. మా ఆయన పాపని స్విమ్మింగ్ క్లాస్‌కి తీసుకెళ్ళాడు. నేనొక్కదాన్నే. పొద్దున్నుంచీ ఎడమ దవడ లాగుతోంది. పన్ను నొప్పే అనుకున్నా. డెంటిస్ట్‌కి అపాయింట్‌మెంట్ కూడా బుక్ చేశాను. నొప్పి మాత్ర వేసుకుని, లైట్లార్పి, సోఫాలో పడుకున్నాను. ఒళ్ళంతా చల్లటి చెమట... హీటర్ ఎక్కువైందేమో అనుకున్నా. కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు వినిపించింది.

గోడ అవతల... ఒక తీగ. సన్నగా. కమాను మెల్లగా లాగినట్టు. ఆగింది.

మళ్ళీ అదే తీగ... ఈసారి పక్క తీగతో కలిపి.

పాట కాదు. శ్రుతి చేస్తున్నారు. రెండు తీగలూ కలవట్లేదు... మధ్యలో చిన్న వణుకు. బిగించడం... లాగడం... ఆ వణుకు పోవట్లేదు.

ఉర్సులా గారికి వయొలిన్ రాదు. ఆయన వయొలిన్‌ని ఆవిడ ఒక శిష్యురాలికి ఇచ్చేశారు. ఆ పెట్టెని కార్‌లో పెట్టింది నేనే.

దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆగలేదు. ఇంకా దగ్గరగా... నా దవడ ఎముకలోనే మోగుతున్నట్టు. నిద్ర పోనివ్వట్లేదు. చివరికి లేచి గోడకి అరచెయ్యి ఆనించాను... గోడ వణుకుతోంది.

చెప్పుల్లేకుండానే మంచులో నడిచి వెళ్ళి పక్క తలుపు కొట్టాను. కొట్టగానే... ఆగిపోయింది.

ఉర్సులా గారు తలుపు తీశారు. చేతిలో ఊలు అల్లిక. వెనక ఇల్లంతా నిశ్శబ్దం. ఎవరు వాయిస్తున్నారని అడగబోయాను. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. దవడ నొప్పిగా ఉందన్నాను.

ఆవిడ నా నుదుటి మీద చెమట చూశారు. అల్లిక కింద పడేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ రోజు డీటర్‌కీ దవడే నొప్పి పుట్టింది. రోజంతా గడ్డం కింద వయొలిన్ ఆనించడం వల్లే అన్నాడు. నిద్రపోతే తగ్గుతుందన్నాడు" అన్నారు. గొంతు మాత్రం వణకలేదు. "కూర్చో. కదలకు."

వెంటనే 911కి కాల్ చేశారు. అంబులెన్స్ వచ్చేదాకా నా కాళ్ళకి తన శాలువా చుట్టి, నన్ను మాట్లాడిస్తూనే ఉన్నారు.

గుండెలో రక్తనాళం దాదాపు మూసుకుపోయిందట. స్టెంట్ వేశారు. ఇంట్లో పడుకునే ఉంటే ఏమయ్యేదో డాక్టర్ పూర్తిగా చెప్పలేదు. మా ఆయన ముఖం చూస్తే అర్థమైంది.

ఇంటికొచ్చాక ఉర్సులా గారికి అంతా చెప్పాను. ఆవిడ ఆ సాయంత్రమంతా ఆ గోడ పక్కనే కూర్చున్నారట. ఏమీ వినిపించలేదట.

"నాకెందుకు వినిపించలేదో..." అన్నారు. ఇద్దరం ఏడ్చాం.

హీటర్ పైపుల చప్పుడంటాడు మా ఆయన. అలాంటి స్థితిలో చెవులు మోసం చేస్తాయంటారు డాక్టర్. కావచ్చు. నాకైతే తెలియదు... నిజంగా తెలియదు.

ఉర్సులా గారితో సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మాత్రం ఆయనకి థ్యాంక్స్ చెప్పుకుంటాను. ఆ రోజు వాయించింది ఆయన కాకపోయినా... డీటర్ గారు ఏమీ అనుకోరు.