ఇంటిపెద్ద సంతకం

మా నాన్న ఎమ్మెల్యేగా నిలబడతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ముందు నవ్వింది నేనే. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, ఎదుటివాణ్ణి ఒక గ్లాసు మంచినీళ్ళడగడానికే మొహమాటపడే మనిషి, ఓట్లెలా అడుగుతాడు? అప్పటికి నేను ఖతర్‌లో ఉన్నాను. ముఐథర్ అనే పేటలో ఒక పెద్ద విల్లాను ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో మా కాపురం. మా ఆయన స్టేడియం పనులు చేసే కంపెనీలో ఇంజనీరు. ప్రపంచకప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోశారు. పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు.

నాన్న పాతకాలం మనిషి. ఇది నేను ఆయన్ని తిట్టడం కాదు, ఆయనే గర్వంగా చెప్పుకునే మాట. అసెంబ్లీకి వెళ్ళి ఏం చేస్తావని ఎవరైనా అడిగితే చాలు, గుక్క తిప్పుకోకుండా అందుకునేవాడు. ఊళ్ళలో బెల్టు షాపులు మూయించాలి. చిన్న గుళ్ళలో దీపం ఆరిపోకుండా సర్కారు చూడాలి గానీ గుడి మీద పెత్తనం చెయ్యకూడదు. ఊరికే పంచిపెట్టే పథకాలు తగ్గించి బడులు బాగుచెయ్యాలి. ఇక పెళ్ళి రిజిస్ట్రేషన్‌కు తండ్రి సంతకం, తండ్రి దగ్గర లేకపోతే ఇంటిపెద్ద సంతకం ఉండితీరాలని చట్టం తేవాలి. 

ఈ ఆఖరిదాని దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండేది. ఫోనులోనే పోట్లాటకు దిగేదాన్ని. "నా పెళ్ళప్పుడు సంతకం సంగతి దేవుడెరుగు, నన్నే ఎవలు అడగలేదు" అంటే పెద్దగా నవ్వేవాడు.

"అడగకుంటే ఏమైంది బిడ్డా, మంచిగనే ఉన్నవ్ గదా" అనేవాడు.

మంచిగానే ఉన్నాను. వచ్చిన చిక్కంతా అదే, ఎదురు చెప్పడానికి నా దగ్గర ఒక్క కష్టమూ లేదు.

మా వైపు ఎన్నికల్లో గల్ఫ్ వాళ్ళకు ఓటు ఉండీ లేనట్టే. పేరు అక్కడ ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటాడు. అయినా వాళ్ళను మంచి చేసుకోని అభ్యర్థి ఉండడు. ఇల్లు నడిపేది వీళ్ళు పంపేదానితోనే కాబట్టి, ఇక్కడి నుంచి ఒక ఫోన్ వెళ్ళిందంటే అక్కడ ఇంటిల్లిపాదీ ఆ గుర్తు మీదే నొక్కుతారు. నాన్నకు ఈ లెక్క ఎవరో చెప్పారు. "మనోళ్ళను ఒక్కసారి జమచెయ్యి బిడ్డా, వీడియోల మాట్లాడుత" అన్నాడు. కూతుర్ని, కాదనలేకపోయాను.

మీటింగ్ అంటే లేనిపోని తంటా అని భోజనాలని చెప్పి పిలిచాం. ఒక శుక్రవారం మధ్యాహ్నం బిర్కత్ అల్ అవామిర్‌లోని కార్మికుల క్యాంప్ నుంచి మా నియోజకవర్గం వాళ్ళు ఒక బస్సు నిండా వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు. సోఫాలు ఖాళీగా వదిలేసి అందరూ కార్పెట్ మీదే సర్దుకు కూర్చున్నారు. ఎంత చెప్పినా పైకి లేవలేదు. నా ఇంట్లో నేనే తప్పుచేసినదానిలా నిలబడి కోడికూర వడ్డించాను.

టీవీ తెర మీద నాన్న కనిపించాడు. బడిలో పటం మీద ఖతర్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన మనిషి, "నా దుబాయ్ తమ్ముల్లారా" అని మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది. బెల్టు షాపుల మాట రాగానే గదిలో అందరి తలలూ ఊగాయి. ఆ తలల్ని చూసి నాన్న కూడా హుషారెక్కి సంతకం చట్టం దాకా వచ్చాడు. అప్పుడు గోడకానుకొని కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. స్టేడియంలో షట్టరింగ్ పని చేసే మనిషి. మాట్లాడేటప్పుడు లేచి నిలబడ్డాడు.

"సారూ, నా భార్య సచ్చిపోయింది. బిడ్డ మా అన్న ఇంట్ల ఉంటది. నేనేమో ఈడున్న. నా బిడ్డ పెండ్లికి సంతకం ఎవలు పెట్టాలె?"

"తండ్రసుంటోడే గదా పెదనాయిన. ఆయన పెడతడు. ఇంటిపెద్ద అంటేనే అది" అన్నాడు నాన్న. 

పెద్దాయన "మంచిది సారూ" అని కూర్చున్నాడు. తరవాత ఎవరేం అడిగారో నాకు గుర్తులేదు. ఆయన ముఖం మాత్రం గుర్తుంది.

బస్సు ఎక్కే ముందు ఖాళీ గ్లాసు ఇచ్చే సాకుతో ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"బిడ్డా, ఒక్క మాట. మా అన్న నా బిడ్డను వాళ్ళ బామ్మర్దికి చేస్తనంటుండు. దానికి ఇష్టం లేదు. పొరుగూరి పిల్లగాణ్ణి ఇష్టపడ్డది, కరెంటు పని చేస్తడు. నాకు సుత ఇష్టమే. నేను పోయి నిలబడి చెయ్యాలె. సెలవు అడిగితే స్టేడియం అయ్యేదాక మాఫీ, లేనే లేదు అంటుండ్రు."

"మీ అన్నకు ఫోన్ చేసి చెప్పరాదా కాకా?"

ఆయన నవ్వాడు. "ఓటు సంగతిల నా మాట ఇంటడు. పిల్ల సంగతిల ఇనడు. గందుకే నిన్ను అడుగుతున్న. సారు మంచోడు. మరి ఇంట్ల అందరికీ సారుకే ఎయ్యమని చెప్పాల్నా?"

లోపల టీవీలో నాన్న ఇంకా కనిపిస్తున్నాడు, కండువా సర్దుకుంటూ. అక్కడెవరో టీ ఇస్తే వద్దంటున్నాడు. ఎండలో తిరిగి బాగా నల్లబడ్డాడు. ఆయన్ని చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ, ఏదో ఒకటి చెప్పి తప్పించుకుని ఉండొచ్చు. మీ ఇష్టం కాకా అంటే సరిపోయేది. 

"నన్నడిగితే వెయ్యకుండ్రి కాకా" అన్నాను.

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి నాకు ఆశీర్వాదంలా అనిపించలేదు. కన్నతండ్రి ఓటు కోతపెట్టి దీవెన అందుకున్న కూతురు ఇంకెక్కడైనా ఉంటుందా? ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. చెప్పింది తప్పని నేను ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. అయినా తప్పు చేసినవాళ్ళకు ఉండే బాధంతా ఉంది. మా ఆయనతో చెబితే, "ఒక ఇంటి ఓట్లతో ఏమవుతుందిలే" అని తేల్చేశాడు. నా బాధ ఓట్ల గురించి కాదని ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు. పోలింగ్ దాకా నాన్న రోజూ ఫోన్ చేసి "మనోళ్ళు ఇండ్లకు చెప్తుండ్రా?" అని అడిగేవాడు. "చెప్తుండ్రు నాన్నా" అనేదాన్ని. అది అబద్ధం కాదు, ఏం చెబుతున్నారన్నదే వేరు.

నాన్న ఓడిపోయాడు. అలా ఇలా కాదు, చిత్తుగా. నా ఒక్క మాట వల్ల ఓడిపోలేదని ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రం టీవీ ముందు కూర్చుని, ఆ ఇంటిని ఆయన నుంచి లాక్కున్న మాట ఒక్కటే తలుచుకుంటూ ఏడ్చాను.

వారమన్నా గడవకముందే నాన్న ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఆ రోజు సంతకం గురించి అడిగిండు సూడు, షట్టరింగ్ పనాయన. నిన్న వాళ్ళూరికి పోయిన."

"ఎందుకు నాన్నా?" అన్నాను.

"ఆ రోజు నేను సక్కగ జవాబు చెప్పలేదు బిడ్డా. ఆయన అట్ల కూసునుడు నాకు మనసుల పడ్డది. ఓట్ల తిరుగుల్ల తీరలేదు. ఇప్పుడు ఖాళీయే గదా. పోయినంక తెలిసింది, పిల్లకు ఇష్టం లేకున్నా బామ్మర్దికి చేస్తుండట. వాళ్ళన్నతోని కూసున్న. తండ్రి బతికి ఉండంగ పిల్ల మీద నీ జోరేంది, ఆయన వచ్చేదాక ఆగు, ఆయన ఎవలికి ఇస్తనంటే వాళ్ళకే ఇయ్యాలె అని గట్టిగ చెప్పిన. నా శిష్యుడే లే, ఒప్పుకున్నడు. ఇగ పెండ్లి కాదు, ఆయన వచ్చేదాక."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంకో సంగతి తెలుసా?" అన్నాడు నాన్న, ఓడిపోయాక మొదటిసారి సంతోషంగా. "ఊరు ఊరంత నాకు ఎయ్యలేదు గని, ఆ ఇంటోళ్ళు మాత్రం అందరూ నాకే ఏసిన్రట. ఖతర్ నుంచి ఫోన్ వచ్చిందట. నువ్వు చెప్పబట్టే గదా బిడ్డా."

"అవును నాన్నా" అన్నాను.