పసిరికలు కావు, పస్లీ

మూడక్షరాల అబద్ధం ఒకటి ఇన్నేళ్ళుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. దాని మీదనే అన్నం మింగాను. దాని మీదనే ఉపన్యాసాలిచ్చాను, చప్పట్లు కొట్టించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ముంటే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని. నా మీద మాత్రం జాలి పడకండి. జాలి పడాల్సిన మనిషి వేరే ఉంది.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మొగుళ్లపల్లిలో ఒక ఆన్‌లైన్ వైద్య కేంద్రం ఉండేది. పేరు విని పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక కంప్యూటరు, దాని నెత్తిన కెమెరా, ఒక థర్మామీటరు, గోడ మీద చలికాలం జాగ్రత్తల కాగితం. కాచిన నీళ్ళు తాగండి, పసిపిల్లలను పొగలో ఉంచకండి, తలకు గుడ్డ కట్టండి. ఆ గదికి మహారాణిని నేను. మాది మహబూబాబాద్, నర్సు పని నేర్చుకుని అక్కడ చేరాను. రోగి మాట డాక్టరుకు, డాక్టరు మాట రోగికి అర్థమయ్యేటట్టు చెప్పడం నా ఉద్యోగం. అంతే. అంత చిన్న పని కూడా చేతకాలేదు నాకు. చేతకాక కాదు, చేయబుద్ధి కాక.

డాక్టరు కోస్తా మనిషి. తెర మీద కనిపించేవాడు. మొదటి వారంలోనే నేను "జ్వరం గిట్ల ఏం లేదు సార్" అంటే, "గిట్ల గట్ల కాదమ్మా, తెలుగులో చెప్పు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది, అబద్ధమెందుకు? నేను మాట్లాడింది తెలుగు కాకపోతే మరేంది?

ఆ రోజే ఒక నోటుబుక్కు కొన్నాను. ఆయనకు మన మాట తెలియని ప్రతిసారీ అందులో రాసేదాన్ని. ఒక ముసలాయన జలుబు చేసిందని "సర్దైంది సార్" అంటే, డాక్టరు "సర్దుకుందా? మంచిది, ఇంటికెళ్ళండి" అన్నాడు. ఇంకొకాయన ఒంట్లో బాగాలేదని "పానం మంచిగ లేదు" అంటే, "పానమా? రోజుకెంత తాగుతావ్?" అన్నాడు. ఇవన్నీ సాయంత్రం, ఊళ్ళో తెలంగాణ కోసం వేసిన దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని చదివేదాన్ని. జనం పడీ పడీ నవ్వేవారు. "ఇంకోటి చదువక్కా" అని ఒకటే గోల. నేనేమో ఉబ్బిపోయేదాన్ని. ఒక్క మాట చెప్పాలి, రోగికి నష్టం కాకుండా డాక్టరు తప్పును సరిదిద్దేదాన్ని. ముందు రాసుకుని, తర్వాత సరిదిద్దేదాన్ని. ఆ వరస గుర్తు పెట్టుకోండి.

ఆ చలికాలంలో, ఒక బంద్ రోజు మధ్యాహ్నం ఖాజాబీ వచ్చింది. ఆమె పెనిమిటి ఊళ్ళో దూది ఏకి రజాయిలు కుట్టేవాడు. చంకలో ఏడాది నిండని బిడ్డ, పేరు మున్నీ. పాపను రజాయి ముక్కలో చుట్టి తెచ్చింది. బస్సులు లేవు, ఊళ్ళో ఇంకో డాక్టరు లేడు. ఉన్నది నేనూ, ఆ తెరా.

"సర్దీ, దగ్గు, బుఖార్ సార్" అంది కెమెరా వైపు వంగి. "పొద్దుగాల్నుంచి పస్లీ చల్‌రీ. పస్లీ సార్, పస్లీ."

దక్కనీ ఉర్దూలో పస్లీ అంటే పక్కటెముక. పస్లీ చల్‌రీ అంటే బిడ్డ డొక్కలు ఎగరేస్తోందని, ఊపిరి అందడం లేదని. మా ఇంటి గోడ పక్కవాళ్ళు దక్కనీ మాట్లాడేవాళ్ళే, ఆ మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. డొక్కలు ఎగరేసే పసిబిడ్డను ఒక్క గడియ ఆపకుండా పెద్ద దవాఖానకు పంపాలని నర్సు చదువులో అందరికంటే ముందు నేర్చుకున్నదాన్ని కూడా నేనే. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

"పసి... ఆగండాగండి" అన్నాడు డాక్టరు. ఏదో పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. అంతా చేతిరాత. "పసిరికలు! అంటే కామెర్లు కదూ? ఇదిగో, రాసుకున్నాను. మీ మాటలన్నీ రాసుకుని నేర్చుకుంటున్నాను సిస్టర్. ఆ రోజు మిమ్మల్ని చూసి నవ్వడం తప్పే." ఆయన మొహం వెలిగిపోయింది. "అంతేనా? నేను సరిగ్గా విన్నానా?"

నన్నే అడిగాడు. చూశారా? ఆయన దగ్గరా ఒక నోటుబుక్కు ఉంది. నేర్చుకోవడానికి. నా దగ్గరా ఉంది. ఎందుకో మీకు తెలుసు.

అప్పుడన్నా నా బుద్ధి దారిన పడాలి కదా? పడలేదు. లోపల్లోపల నవ్వుకున్నాను. ఈ పూట శిబిరంలో దీనికి ఎంత నవ్వుతారో అనుకున్నాను.

"అంతే సార్" అన్నాను.

"తెర మీద సరిగా కనబడటం లేదు. కళ్ళు పచ్చగా ఉన్నాయా?"

"కొంచెం ఉన్నట్టున్నయి సార్."

"ఊపిరి లెక్కపెట్టారా?"

"పెట్టిన. మంచిగనే ఉంది."

పెట్టలేదు. రజాయి ముక్క విప్పనే లేదు. ఆయన జ్వరానికి మందు రాసి, పాలు పట్టమని, రెండు రోజుల్లో రక్తపరీక్ష చేయించమని చెప్పి వెళ్ళిపోయాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఎప్పటిలాగే, రాసుకున్నాక ఆయనను మళ్ళీ తెర మీదికి పిలిచి సరిదిద్దాలి. అప్పుడు ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నా మాట సార్‌కు సమజైందా? నువ్వు మంచిగ చెప్పినవా?"

"చెప్పిన."

ఇవే ఆ మూడక్షరాలు. ఇంతలో బయట డప్పులు మోగాయి. "అక్కా, జల్ది రా" అని శిబిరం వాళ్ళు కేకేశారు. "జర కూసో, ఇప్పుడే వస్తా" అని ఖాజాబీకి చెప్పి పరుగెత్తాను. మైకు ముందు పసిరికల ముచ్చట చదివాను. జనం ఈలలు కూడా వేశారు. తిరిగొచ్చేసరికి గది ఖాళీ. ఎంతసేపు కూర్చుందో పాపం. ఆమె ఇల్లు ఎంతో దూరం లేదు, నడిస్తే పది నిమిషాలు. నేనెందుకు పోలేదు? పొద్దున పోదాంలే అనుకున్నానా? నా తప్పు నేనే ఒప్పుకోవాల్సి వస్తుందని వెనకాడానా? పొద్దున కూడా పోలేదు.

మూడోనాడు మున్నీ చనిపోయింది. ఆటోలో భూపాలపల్లి తీసుకుపోతుంటే దారిలోనే.

అక్కడన్నా ఆగానా? థూ, నా బతుకు చెడ! ఖాజాబీని వేదిక ఎక్కించాను. "మన భాష రాని డాక్టరు చేతుల్ల మన బిడ్డ పానం పోయింది" అని మైకులో ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, నటన కాదు. అదే నాకు ఇంకా అసహ్యం. డాక్టరును తీసేశారు. ఆయన ఒక్కసారి ఫోన్ చేశాడు. "మీరు అంతే అన్నారు కదా, సిస్టర్?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఉద్యమం తప్పు కాదు. మన మాటను వెక్కిరించారన్నదీ అబద్ధం కాదు. ఆ నిజం చాటున దాక్కున్న దొంగను నేను. రాష్ట్రం వచ్చాక నాకు శాలువా కప్పి సన్మానం చేశారు. మంచి ఉన్ని శాలువా. సిగ్గు లేకుండా ప్రతి చలికాలం కప్పుకుంటాను.

రెండేళ్ళ కింద జనగామ బస్టాండులో ఖాజాబీ కనిపించింది. తల నెరిసింది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ రోజు నా మాట సమజ్ చేసుకున్నది నువ్వొక్కదానివే అక్కా" అంది. నేను తలూపాను. బస్సు వస్తే ఎక్కేశాను. అది నేను పోవాల్సిన బస్సు కూడా కాదు.

మొన్న మా అక్క మనవడికి దగ్గు, జ్వరం. సెల్‌ఫోనులో డాక్టరమ్మకు చూపించాం. "డొక్కలు ఎగరేస్తున్నడా? చొక్కా పైకెత్తి చూపెట్టండమ్మా" అందామె. ఎత్తాను. గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాను. బాబుకు ఏమీ లేదు, ఉత్త సర్దే. కానీ లెక్క అయిపోయాక కూడా నా చెయ్యి ఆ చొక్కాను వదల్లేదు. మా అక్క పరేషానై, "ఏందే, ఏమైందే?" అని అడిగింది. దానికీ ఏమీ చెప్పలేదు.

మీకు చెప్పాను. చెబితే మున్నీ తిరిగి రాదు, ఆ డాక్టరుకు పోయిన పేరు రాదు. అయినా ఇదంతా రాస్తుంటే నాకు ఊపిరి ఆడుతోంది. ఆ బిడ్డకు ఆడని ఊపిరి నాకు ఆడుతోంది చూడండి, ఎంత సిగ్గుచేటో.

నువ్వు మంచిగ చెప్పినవా అని అడిగినవు కదా ఖాజాబీ. దానికి జవాబు కూడా మూడక్షరాలే.

చెప్పలే.