పడవ ముక్కు మీద కొబ్బరికాయ

ఆ రోజుల్లో అంటే మరీ పాత సంగతేం కాదు. చేతిలో స్మార్ట్‌ఫోను, ఒంట్లో ఇరవై రెండేళ్ల పొగరు ఉన్న రోజులు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే భయపడ్డాను. మా మేనమామ గద్వాల దగ్గర కృష్ణలో జనాన్ని తిప్పడానికి కొత్త ఫైబరు పడవ కొని, పెబ్బేరులో ట్రాక్టరు తోలుకునే నన్ను పిలిచి "ఇగ నువ్వే నడుపు అల్లుడా" అన్నాడు. పూజకు పూలు తేవడానికి ఆయన అటు వెళ్లాడో లేదో, నేను ఆగలేక, ట్రాక్టరు బంపరుకు కొట్టే అలవాటు కొద్దీ కొబ్బరికాయను పడవ ముక్కుకేసి కొట్టాను. కాయ పగల్లేదు. పడవ తెల్లపూతే రూపాయి బిళ్లంత ఊడి, చుట్టూ సన్నటి బీటలు వారాయి.

పడవకు చిల్లు పెట్టేశాను, రేపు జనం ఎక్కితే నది మధ్యలో మునిగిపోతారు అనుకున్నాను. ముందు అక్కడ దట్టంగా పసుపు మెత్తాను (దేవుడి పేరు మీద దాస్తే ఎవరూ అడగరు కదా). తర్వాత పడవతో వచ్చిన పూత డబ్బా విప్పి, ఫోన్లో వీడియో చూస్తూ కలిపాను. పూత గట్టిపడడానికి కలిపే మందు కొన్ని చుక్కలు చాలన్నాడు అందులో. నేను భయం కొద్దీ సగం సీసా పోశాను. పైగా మన పాలమూరు ఎండ! చూస్తుండగానే గిన్నె చుర్రుమని కాలి, పొగలు కక్కి, కలిపే పుల్లతో సహా రాయైపోయింది. వెనక మామ నిలబడి ఉన్నాడు.

"ఏందిరా గీ పొగ?"

"నేనే పలగ్గొట్టిన మామా. జనాన్ని ఎక్కియ్యకు, మునుగుతరు" అని ఏడ్చేశాను.

మామ పసుపు తుడిచి వేలితో తట్టి చూశాడు. "పై పూత లేసింది, గంతే. జర నిమ్మలంగుండు." పడవను నీడకు లాగించి, ఆ చోటు గీకించి, మందు చుక్కలు లెక్కపెట్టి కలిపించి, పూతకు గాలి తగలకుండా మీద ప్లాస్టిక్ కాగితం అంటించాడు. గట్టిపడ్డాక గరుకు కాగితం తడిపి నాచేతే రుద్దించి, "ఇగ అవుతలి ఒడ్డుదాక ఒక్కనివే పోయి రా" అన్నాడు.

లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ తొడుక్కుని బయల్దేరాను. కొంచెం దూరం పోయి ఇంజను ఆపి, ముందుకు పాకి, వంగి ఆ అతుకును తడిమాను. ఒడ్డు నుంచి మామ కేకేశాడు. "అరే, ఆ దెబ్బ నీళ్లకు మూరెడు మీదున్నది! కృష్ణ ఎగిరి అండ్లకొస్తదారా?"

ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఏ ఫైబరు పడవకు గీత పడ్డా నన్నే పిలుస్తారు. ఆ రెండు జాకెట్ల మొనగాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. కానీ నేను అతుకు వేసిన పడవ జనంతో నదిలోకి వెళ్తే మాత్రం, తిరిగొచ్చి ఆఖరి మనిషి దిగేదాకా ఒడ్డు మీంచి కదలలేను.