మార్చి పదిహేను

లస్మన్న కాకాది మెట్‌పల్లి దగ్గర ఓ పల్లె. పద్నాలుగేళ్లుగా సౌదీలోని హుఫూఫ్‌లో టైల్స్ వేస్తున్నాడు. అమావాస్యనాడు మాత్రం ఏ గదిలోనూ మొదటి టైలు పెట్టడు. ఫోర్‌మన్ ఎంత తిట్టినా ఆ రోజంతా సిమెంటు కలుపుతూ గడిపేస్తాడు.

ప్రతి కంపెనీలో ఇంతమంది స్థానికులుండాలనే నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సౌదీ ఉద్యోగులు చాల్లేదు కాబట్టి ఇక్కడ ఉండనిచ్చే మా ఇఖామా కార్డులు రెన్యువల్ కావన్నారు. ఇంకో కంపెనీ మమ్మల్ని తీసుకుంటానంది. మార్చి పదిహేనున, ఆ ఒక్కరోజే, వాళ్ల ఆఫీసుకెళ్లి సంతకం పెట్టాలి.

తేదీ వినగానే డిగ్రీలో చదివిన చరిత్ర గుర్తొచ్చి నాకు ఎక్కడలేని హుషారొచ్చింది.

"కాకా, రోమ్‌ల సీజర్‌కు జోస్యుడు ముందే చెప్పిండు, ఈ దినం పైలం అని. నవ్వుకుంట సభకు పోయిండు. సొంతోళ్లే ఇరవైమూడు పోట్లు పొడిచిండ్రు! అంతకుముందు అది వాళ్లకు పున్నమి పండుగ. తర్వాత ఆ నాడు సభే పెట్టలే."

"గంత చెడ్డ దినమా బిడ్డా?" అన్నాడు కాకా. నేను నవ్వేశాను.

పదిహేనున అందరం బస్సెక్కాం. కాకా కడుపునొప్పి అని పడుకున్నాడు. మర్నాడు ఒక్కడే వెళితే, కౌంటర్లో మనిషి తలెత్తకుండానే "ఖలాస్" అన్నాడట.

మాకు కొత్త ఇఖామాలొచ్చాయి. కాకాది ముగిసిపోయింది. పోలీసుల భయానికి గది దాటడు.

"నావల్లనే కాకా," అన్నాను.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా. ఆ రాజు పోయి సచ్చిండు. నేను పోక సచ్చిన."